దూరవిద్య నర్సింగ్: ఫీజు కన్నా ముందు రిజిస్ట్రేషన్ సంగతి అడగండి

ప్రశ్న: మాది వరికుంటపాడు మండలంలో ఒక పల్లె. పెద్దమ్మాయి ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసి నెల్లూరులో ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. చిన్నమ్మాయి ఈ ఏడాది బైపీసీ పాసైంది. ఇద్దరికీ ఇంటిపట్టునే ఉండి బీఎస్సీ నర్సింగ్ చేయిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. మూడేళ్లకు మనిషికి లక్షా ఇరవై వేలట, ముందు ఇరవై వేలు కట్టమంటున్నాడు. కాలేజీలో చేర్చేదానికంటే ఇదే చవక గదా అనిపిస్తోంది. కట్టొచ్చా?

జవాబు: చిన్నమ్మాయి పేరు మీద ఒక్క రూపాయి కూడా కట్టకండి. పెద్దమ్మాయికి దూరవిద్యలో చదివే అవకాశం ఉంది. అయితే దానికి ఏజెంటు అవసరం లేదు.

ఇంటర్ పాసైన పిల్లలకు దూరవిద్యలో బీఎస్సీ నర్సింగ్ మన దేశంలో లేదు. అది నాలుగేళ్ల కోర్సు, ఎనిమిది సెమిస్టర్లు. వార్డులో రోగి పక్కన నిలబడి చేసే డ్యూటీ కూడా చదువులో భాగమే. దూరవిద్యలో నడపకూడదని యూజీసీ ప్రకటించిన కోర్సుల జాబితాలో వైద్యం, ఫార్మసీ, ఫిజియోథెరపీతో పాటు నర్సింగ్ కూడా ఉంది. పట్టా చేతికి వచ్చినంత మాత్రాన ఎవరూ నర్సు అయిపోరు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. ఆ నమోదు లేకపోతే ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకు దరఖాస్తే చెల్లదు. గల్ఫ్‌కు వెళదామన్నా అక్కడి ఆరోగ్య శాఖలు ‘డేటాఫ్లో’ లాంటి సంస్థల ద్వారా పట్టా ఇచ్చిన చోటే విచారిస్తాయి. డబ్బు, మూడేళ్ల వయసు పోయాక ఆ సంగతి తెలిసి ఏం లాభం? దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టాలు పొందిన వాళ్లకు ఇదే జరిగింది. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఇచ్చిన ఆ పట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 2017 నవంబరు 3న తీర్పు చెప్పింది. ఎందరో ఉద్యోగస్తులు ఆ తీర్పుతో ఇబ్బంది పడ్డారు.

ఇక పెద్దమ్మాయి విషయం. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, 1994 నుంచి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ నడుపుతోంది. ఇది ఇప్పటికే రిజిస్టరై ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పెట్టిన మూడేళ్ల కోర్సు. ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసినవాళ్లకు రెండేళ్ల అనుభవం కావాలి, పదో తరగతితోనే జీఎన్ఎం చేసినవాళ్లకు ఐదేళ్లు. ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తు, ఫీజు అన్నీ ఇగ్నో వెబ్‌సైట్‌లోనే. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఉన్న ఫీజుకు మించి ఎవరు అడిగినా అది వాళ్ల సొంత వసూలే.

ప్రాస్పెక్టస్‌లో ఫీజు చూసి అంతే ఖర్చు అనుకోకండి. పుస్తకాలు ఇంటికి వస్తాయి గానీ తరగతులకు, ప్రాక్టికల్స్‌కు అధ్యయన కేంద్రానికి వెళ్లి తీరాలి, హాజరు తప్పనిసరి. ఇగ్నో ప్రాంతీయ కార్యాలయాలు విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదుల్లో ఉన్నాయి. మీ అమ్మాయికి ఏ కేంద్రం కేటాయిస్తారో, ఏడాదికి ఎన్ని రోజులు వెళ్లాలో అక్కడ ముందే అడిగి రాసుకోండి. ఉదాహరణకు నెలకు 15,000 జీతం, ఏడాదికి 40 రోజులు జీతం లేని సెలవు అనుకుందాం. రోజుకు 500 చొప్పున ఏడాదికి 20,000, మూడేళ్లకు 60,000 పోతుంది. గది, భోజనం రోజుకు 300 వేసుకున్నా మూడేళ్లకు మరో 36,000. ఫీజు, బస్సు చార్జీలు, పరీక్ష ఫీజు, యూనిఫాం, రికార్డులు ఇంకా కలపనే లేదు. ఒక పేపరు తప్పితే మళ్లీ కట్టాల్సిందీ ఉంటుంది. అయినా రెగ్యులర్ కాలేజీలో రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేయాలంటే ఉద్యోగం మానాలి. ఆ జీతమే 3.60 లక్షలు. అందుకే ఉద్యోగం చేసే నర్సుకు ఇగ్నో దారే మేలు అంటాను. సెలవు ఇస్తామని ఆసుపత్రి యాజమాన్యం నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నమ్ముకుంటే రెండో ఏడాదిలో ఉద్యోగమో చదువో ఏదో ఒకటి వదులుకోవాల్సి రావచ్చు.

చిన్నమ్మాయికి కాలేజీ ఖర్చు ఎక్కువన్న భయం మీకు అక్కర్లేదేమో చూడండి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం 2.5 లక్షల లోపుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. దూరవిద్యకు, మేనేజ్‌మెంట్ కోటాకు ఆ సాయం రాదు. అనుమతి ఉన్న కోర్సుకు బ్యాంకులు 4 లక్షల వరకు తాకట్టు లేకుండా విద్యారుణం ఇస్తాయి. రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని, ఫీజు బాకీ ఉందని ఏ కాలేజీ అయినా ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుంటే అది యూజీసీ 2018 ఉత్తర్వులకు విరుద్ధం. నిర్ణయించిన ఫీజుకు మించి వసూలు చేయడాన్ని రాష్ట్రంలో 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం నేరంగా చూస్తుంది.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసిన వాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లకూ ఈ మాట చెప్పండి. రసీదు లేదని ఊరుకోవద్దు. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ సందేశం, కరపత్రం అన్నీ సాక్ష్యాలే. వాటిని చెరపకుండా దాచి, డబ్బు తిరిగివ్వమని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. లేని కోర్సును ఉందని చెప్పి డబ్బు తీసుకోవడం మోసం; భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. గుర్తింపు ఉందని అబద్ధపు ప్రకటనలిచ్చి విద్యార్థులను చేర్చుకున్న బీహార్ దంత వైద్య కళాశాల కేసులో, ఫీజు వాపసుతో పాటు పరిహారం కూడా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనే, కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే కోర్టు ఫీజు లేదు. రెండేళ్ల గడువు దాటనివ్వకండి.

లాయరును పెట్టుకునే స్తోమత లేదనే బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ, ఎస్సీ, ఎస్టీలకూ న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ కూతుళ్లిద్దరూ దానికి అర్హులే. ఆ ఏజెంటుకు జవాబు చెప్పే ముందే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.