చిగుళ్లు చెప్పే మాట

పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తే, మనలో చాలామందిమి నోరు పుక్కిలించి ఊరుకుంటాం. సాధారణంగా అది చిగుళ్ల వ్యాధికి తొలి గుర్తు.

పళ్ల మీద చేరే పాచిని రోజూ తొలగించకపోతే గట్టిపడి గారగా మారుతుంది. పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగుళ్లు వాస్తాయి. ఈ దశలో గార తీయించుకుని, రెండు పూటలా శుభ్రంగా తోముకుంటే మళ్లీ మామూలవుతాయి. అశ్రద్ధ చేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది.

నష్టం నోటితోనే ఆగదు. చిగుళ్ల వాపు మధుమేహాన్ని అదుపు తప్పిస్తుంది. చక్కెర పెరిగితే చిగుళ్లు మరింత దెబ్బతింటాయి. 35 పరిశోధనలను పరిశీలించిన 2022 నాటి కాక్రేన్ సమీక్షలో, చిగుళ్ల చికిత్స పొందిన మధుమేహ రోగుల హెచ్‌బీఏ1సీ మూడు నాలుగు నెలల్లో సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గింది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష ఇది.

మరి ఖర్చు? 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం బీమా లెక్కలు చూసింది. చిగుళ్లకు చికిత్స పొందిన మధుమేహ రోగుల వైద్య ఖర్చు సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. అయితే అలాంటివారు తిండి, మందుల విషయంలోనూ జాగ్రత్తపరులు కావచ్చు. కనుక ఆదా అంతా చికిత్స వల్లేనని చెప్పలేం.

బదిలీల హడావిడిలో మన ఇళ్లలో దంత పరీక్షలు వాయిదా పడుతుంటాయి. ముఖర్జీ నగర్ నుంచి ప్రభుత్వ దంతవైద్యం దూరం కాదు. జీటీబీ నగర్‌లో మెట్రో ఎక్కి, కశ్మీరీ గేట్‌లో మారి, ఢిల్లీ గేట్‌లో దిగితే మౌలానా ఆజాద్ దంత విజ్ఞాన సంస్థ దగ్గరే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు. అమ్మానాన్నలనూ వెంట తీసుకెళదాం. ఆ కాగితాలను టీసీతో పాటే భద్రపరుచుకుందాం.