హ్రస్వదృష్టియు, ప్రక్కచూపు మసకయు: తలిదండ్రులకు ఒక పాఠము

మన పాఠశాలలో తెలుగు చదువుచున్న బాలబాలికలలో కొందరు నల్లబల్లపై నున్న ‘ధ’ను ‘ద’ అనియు, ‘ఫ’ను ‘ప’ అనియు చదువుచుందురు. బిడ్డకు మాతృభాష అబ్బలేదని తలిదండ్రులు చింతించి, వేరు మాధ్యమమునకు మార్చ దలచుటయు కలదు. కాని అట్టివారిలో కొందరికి లోపము బుద్ధిలో లేదు, కంటిలో నున్నది. అడుగునున్న చిన్న గీత వారికి దూరమునుండి కానరాదు. ఇది హ్రస్వదృష్టి.

కంటి ముందుభాగమున కటకమును, వెనుక రెటీనా అను నేత్రపటలమును కలవు. దూరమునకు చూచునపుడు కటకము పలుచగా నుండును. పుస్తకము చదువునపుడు దానిని చుట్టియున్న చిన్న కండరము ముడుచుకొనగా కటకము ఉబ్బును. దీనినే సర్దుబాటు అందురు. హ్రస్వదృష్టి గల కన్ను సాధారణముగా ముందువెనుకలకు పొడవై యుండును. గావున దూరపు వస్తువు యొక్క బింబము నేత్రపటలమునకు ముందే ఏర్పడి మసకబారును.

ఇక ప్రక్కచూపు సంగతి. చూపు నిలిపిన చోటు తప్ప, ప్రక్కల స్పష్టత అందరికిని తక్కువే; అది రోగము కాదు. కాని పొడవైన కంటిలో, సాధారణపు అద్దములు నడిమి బింబమును సరిగా నిలిపినను, ప్రక్కల బింబము తరచుగా నేత్రపటలమునకు వెనుక పడును. చదువునపుడు సర్దుబాటు కొంచెము చాలనిచో నడిమి బింబము కూడ వెనుకకు జరుగును. పుస్తకమున కావలనున్న గోడ బింబము మాత్రము ముందుకు పడును. ఇట్లు సర్దుబాటుతో ప్రక్కల మసకయు మారుచుండును. అది కంటి ఆకారమును బట్టి కొందరిలో హెచ్చును, కొందరిలో తగ్గును. ఈ విషయమున శాస్త్రజ్ఞుల కొలతలు ఏకీభవింపలేదు.

ఈ మసకతో మన కేమి పని? 2005లో అమెరికాలో ఎర్ల్ స్మిత్ బృందము కోతిపిల్లలపై జరిపిన పరిశోధనలో, నేత్రపటలపు ప్రక్కభాగమే కంటి పెరుగుదలను నడుపగలదని తేలినది. బింబము వెనుక పడుట కన్ను మరింత సాగుటకు ప్రేరకమని పలువురి అభిప్రాయము. ఆరుబయట వస్తువు లన్నియు దూరముననే యుండును, వెలుగును మెండు. చీనాలోని గ్వాంగ్‌జౌ బడులలో దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడిపిన పిల్లలలో, మూడేండ్లలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి వచ్చెను. తక్కిన బడులలో సుమారు 40 మందికి వచ్చెను. ఇది 2015లో ప్రకటితమైనది.

అద్దములు పెట్టిన చూపు మందగించు ననుట అపోహ. 2002లో మలేషియానుండి వెలువడిన పరిశోధనలో, బలము తగ్గించిన అద్దములు ధరించిన పిల్లలకే దోషము హెచ్చుగా పెరిగినట్లు కనబడినది. ఆడపిల్ల యని అద్దములు దాచి పెట్టుట మరింత అన్యాయము.

రాయగడ జిల్లాలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, పిల్లల చూపును మొదట వారిచేతనే పరీక్షింపజేసిన కార్యక్రమము జరిగినది. ఇంటివద్ద ఆ పని మీరును చేయవచ్చును. బిడ్డ కన్నులు చిట్లించి చూచుచున్నదా? పుస్తకమును ముఖమునకు ఆనించుచున్నదా? ఐనచో కోరాపుటు, జయపురము, రాయగడలలో మీకు చేరువనున్న నేత్రవైద్యునికి చూపుడు. చదివించునపుడు పుస్తకము మూరెడు దూరమున నుండనిండు. నడుమ నడుమ కిటికీ వెలుపలి కొండలవైపు చూడుమనుడు. ప్రొద్దుగూకు వరకు ఆడుకొననిండు. బిడ్డకు తెలుగు రాదని నిశ్చయించుటకు ముందు, ఒక్కసారి కన్నులు పరీక్ష చేయింప మేము కోరుచున్నాము.