పాత పేటెంటు కనబడగానే గాభరా పడకండి

హార్డ్ డిస్కు పేటెంట్ల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే మాటలివి. కేసులు అమెరికావి.

1. పోలిక ఉంటే చాలదు. ఒక క్లెయిమ్‌ను, అంటే పేటెంటులో హక్కు కోరే వాక్యాన్ని, "ఎప్పుడో ఉన్నదే" అని కొట్టేయించాలంటే అందులోని ప్రతి అంశమూ ఒకే పాత పత్రంలో, అదే అమరికలో దొరకాలి. రెండు పత్రాలు అతికించి చూపిస్తే అది వేరే వాదన.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీకీ చిప్‌ల కంపెనీ మార్వెల్‌కూ నడిచిన గొడవే తీసుకోండి. డిస్కు మీద రాసిన బిట్ల వరుసను బట్టి, చదివేటప్పుడు వచ్చే నాయిస్ మారుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతికి ఆ యూనివర్సిటీకి చెందిన కవ్చిచ్, మౌరా పేటెంట్లు తీసుకున్నారు. సీగేట్ ఇంజనీరు వోర్‌స్టెల్ పేటెంటులో అది ముందే ఉందని మార్వెల్ వాదించింది. రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, నిజమే. కానీ వోర్‌స్టెల్ ఒకే ఫంక్షన్‌ను నాయిస్‌కు తగ్గట్టు హెచ్చిస్తాడు. యూనివర్సిటీ క్లెయిమ్ అడిగింది కొన్ని ఫంక్షన్ల సమితిని, అందులోంచి ఎంపికను. 2012లో పిట్స్‌బర్గ్ జ్యూరీ మార్వెల్ వాదన ఒప్పుకోలేదు, 117 కోట్ల డాలర్లు కట్టమంది. 2015లో పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు కూడా పేటెంట్లు చెల్లుతాయంది, పరిహారంలో కొంత మాత్రం మళ్లీ తేల్చమంది. మరుసటేడు 75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

2. పై కోర్టుంది కదా అని కింద బద్ధకించొద్దు. పాత పత్రంలో ఏముందన్నది వాస్తవాల ప్రశ్న. అప్పీలులో దాన్ని మళ్లీ మొదట్నుంచి తూచరు.

3. క్లెయిమ్‌లు ఒక్కొక్కటిగా చదవండి. డిస్కు మీద అయస్కాంత దిశ వరసగా ఎన్నిసార్లు మారవచ్చో హద్దు పెట్టే కోడింగ్ పద్ధతి మిన్నెసోటా యూనివర్సిటీది. ఒకాడా అనే పాత పేటెంటు ముందు దాని 13వ క్లెయిమ్ నిలవలేదు. ఆ హద్దు కనీసం 2, పదికి లోపు అని అంకె చెప్పిన 14వది మాత్రం నిలబడింది. ఆ పేటెంటు చెల్లదని పేటెంటు ఆఫీసులో పిటిషన్ వేసిన ఎల్‌ఎస్‌ఐ కంపెనీ, 14వ దాని మీద ఇంకో వాదన తెచ్చింది గానీ, పిటిషన్లో లేని మాట తర్వాత చెప్తే ఎవరు వింటారు?

4. ఆ పాత పత్రంలోని ఊహ ఎవరిదో కనుక్కోండి. అదే కేసులో సీగేట్‌కు చెందిన త్సాంగ్ పేటెంటునూ ఎల్‌ఎస్‌ఐ చూపించింది. తీరా చూస్తే అందులో వాళ్లు ఆధారపడ్డ భాగం మూన్, బ్రిక్నర్‌లు సీగేట్‌కిచ్చిన నివేదిక సారాంశమే. ఆ ఇద్దరే మిన్నెసోటా పేటెంటు ఆవిష్కర్తలు. అప్పటి చట్టం ప్రకారం ఇలాంటి పాత పేటెంటు "మరొకరిది" అయితేనే అడ్డొస్తుంది. 2022లో ఫెడరల్ సర్క్యూట్ కూడా, అది వాళ్ల సొంత పనేనని చెప్పి అప్పీలును తోసిపుచ్చింది.