దోమ నడక లెక్క

మీ వీధిలో వాళ్ళందరూ కలిసి ఒక ఆదివారం పనిలోకి దిగారనుకోండి. మురుగు గుంటలు పూడ్చారు. పాత టైర్లలో, పగిలిన కుండల్లో నిలిచిన నీళ్ళు పారబోశారు. వీధి మొత్తంలో దోమ గుడ్లు పెట్టుకోవడానికి చెంచాడు నీళ్ళు కూడా మిగల్చలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చున్న తాతగారు ఇదంతా చూసి నవ్వారు. "మన వీధి ఒక్కటీ బాగుచేస్తే ఏం లాభంరా? పక్క వీధి దోమలకు మన ఇళ్ళు తెలియవా?" అన్నారు.

తాతగారికి మీరేం జవాబు చెబుతారు?

ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకండి. నూరేళ్ళకు పైగా వెనక, సరిగ్గా ఈ ప్రశ్న మీదనే పేరుమోసిన డాక్టర్లు వాదులాడుకొన్నారు. జవాబు మాత్రం ఆసుపత్రిలో దొరకలేదు. లెక్కల్లో దొరికింది.

మొదట కొంచెం కథ. 1897 ఆగస్టు 20. సికిందరాబాదు దగ్గర బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. ఉక్కపోత. పంకా వేయించుకొందామంటే, కోసి పరిచిన దోమ ముక్కలు గాలికి ఎగిరిపోతాయి. నాలుగు రోజుల కిందట హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమలవి. కుట్టించుకొన్నందుకు దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బులిచ్చాడు! అటువంటి ఒక దోమ పొట్ట గోడలో, అంతకు ముందు ఏ దోమలోనూ కనబడని గుండ్రని కణాలు రాస్‌కు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులున్నాయి. అవి మలేరియా పరాన్నజీవులే. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, ఆ క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరి, కుట్టినప్పుడు మరొక ప్రాణిలోకి పోతాయని తేల్చాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

చాలా పుస్తకాలలో రాస్ కథ ఇక్కడితో ఆగిపోతుంది. నన్నడిగితే అసలు కథ ఇక్కడే మొదలయిందంటాను. దోమ వల్ల మలేరియా వస్తుందని తెలిసింది సరే, మరి ఏం చెయ్యాలి? నీరు నిలవకుండా కాలువలు తవ్వండి, గుంటలు పూడ్చండి, పూడ్చలేనిచోట నీటిమీద కిరసనాయిలు పొయ్యండి అన్నాడు రాస్. ఈజిప్టులో సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా అనే పట్టణం ఉంది. అక్కడ కాలువ కంపెనీ వారు 1902 చివరలో ఈ పని మొదలుపెట్టారు. 1902లో 1,551 మందికి మలేరియా వచ్చిన ఆ ఊళ్ళో 1903లో 214 మందికే వచ్చింది. 1905 నాటికి ఆ సంఖ్య 37.

అయితే ఇస్మాయిలియా చుట్టూ ఎడారి. బయటినుంచి దోమలు వచ్చిపడే బెడద అక్కడ తక్కువ. కనుక ఆ విజయం తాతగారి ప్రశ్నకు జవాబు కాదు. ఆ రోజుల్లోనే లాహోరు దగ్గర మియాన్‌మీర్ కంటోన్మెంటులో ఇదే పని చేసి చూశారు. ఫలితం అంతంతమాత్రం. "చూశారా! ఇక్కడ నిర్మూలిస్తే అక్కడినుంచి వస్తున్నాయి, డబ్బు దండగ" అన్నవారున్నారు. "మీరు బాగుచేసిన మేర చాలదు" అన్నాడు రాస్. ఎవరి మాట నిజం? ఆ రోజుల్లో మన దేశంలో ఏటా లక్షలమంది మలేరియాతో చనిపోతున్నారు. కాలువలు తవ్వించాలా, ఊరుకోవాలా అన్నది ఈ వాదం మీద ఆధారపడి ఉంది.

రాస్ దీన్నొక లెక్కగా మార్చాడు. దోమ పుట్టినచోటినుంచి బయలుదేరింది. ఒక దిక్కుకు కొంతదూరం ఎగిరి వాలింది. మళ్ళీ లేచి ఎటో ఎగిరింది. ఇంత దూరమే ఎగరాలని గాని, ఇటే పోవాలని గాని దానికి నియమం లేదు. జీవితమంతా ఇట్లా తిరిగి, చివరికి అది పుట్టినచోటికి ఎంత దూరంలో ఉంటుంది?

ఈ లెక్క మీరూ చెయ్యగలరు. వరండాలో సుద్దముక్కతో పొడుగ్గా ఒక గీత గీయండి. మధ్యలో నిలబడి రూపాయి ఎగరవెయ్యండి. బొమ్మ పడితే కుడికి ఒక అడుగు, బొరుసు పడితే ఎడమకు ఒక అడుగు. రెండుసార్లు ఎగరవేస్తే నాలుగు విధాలుగా పడవచ్చు. బొమ్మ-బొమ్మ అయితే కుడికి 2 అడుగులు పోతారు. బొరుసు-బొరుసు అయితే ఎడమకు 2. మిగతా రెండు విధాలలోనూ బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు. కుడిని కూడిక గుర్తుతో, ఎడమను తీసివేత గుర్తుతో రాసి సగటు కడితే సున్నా వస్తుంది. దానివల్ల మనకేమీ తెలియదు. అందుకని దూరాలను వర్గం చెయ్యండి. తీసివేత గుర్తులు మాయమవుతాయి. 4, 0, 0, 4. వీటి సగటు 2.

మూడుసార్లు ఎగరవేస్తే ఎనిమిది విధాలు. రెండింటిలో 3 అడుగుల దూరం, ఆరింటిలో 1 అడుగు. వర్గాల మొత్తం 18, 6 కలిపి 24. ఎనిమిదితో భాగిస్తే 3. నాలుగుసార్లయితే పదహారు విధాలు. రెండింటిలో 4 అడుగులు, ఎనిమిదింటిలో 2 అడుగులు, ఆరింటిలో సున్నా. మొత్తం 64, సగటు 4.

గమనించారా? ఎన్నిసార్లు ఎగరవేస్తే వర్గాల సగటు అంత! అంటే నూరు అడుగులు వేసిన మనిషి సుమారుగా నూరుకు వర్గమూలం, 10 అడుగుల దూరంలో ఉంటాడు. పదివేల అడుగులు వేసినా నూరడుగుల దూరమే. కాళ్ళు పీకేదాకా నడిచి గడప దాటనివాడన్న మాట!

గీత మీద కాక మైదానంలో ఎటు పడితే అటు తిరిగితే? లెక్క కష్టమవుతుంది. రాస్ గీత మీది లెక్కను 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన శాస్త్రసభలో వివరించాడు గాని, మైదానం లెక్క ఆయనకు కొరుకుడుపడలేదు. లండనులోని గణిత పండితుడు కార్ల్ పియర్సన్‌ను అడిగాడు. పియర్సన్ 1905 జులైలో 'నేచర్' పత్రికలో ఆ చిక్కును ప్రశ్నగా ప్రకటించాడు. దోమ మాట ఎత్తకుండా, దిక్కులేకుండా నడిచే ఒక మనిషిగా చెప్పాడు. దానికి ఆయన పెట్టిన పేరే 'యాదృచ్ఛిక నడక'. ఈ పేరు ఇప్పటికీ నిలిచిపోయింది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఇచ్చినవాడు భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ. ఆయన ఈ లెక్కను 1880లోనే చేసి ఉంచాడు. దోమల కోసం కాదు, ధ్వని కోసం! ఒకే శ్రుతిలో, కాని ఒకేసారి మొదలుపెట్టకుండా అనేకమంది సన్నాయి ఊదితే మొత్తం ధ్వని ఎంత బలంగా వినబడుతుందన్నది ఆయన ప్రశ్న. ఒక్కొక్క ధ్వని తరంగాన్ని ఒక్కొక్క బాణంగా గీసి, ఒకదాని మొన దగ్గర ఇంకొకదాని తోక ఉంచుతూ పోతే, అది మైదానంలో మనిషి వేసే అడుగుల లాగే ఉంటుంది. చివరి మొన మొదటి చోటికి ఎంత దూరంలో ఉంటే ధ్వని అంత బలం. సన్నాయి, దోమ రెండూ ఒకే లెక్క!

ఇప్పుడు మన తాతగారి దగ్గరికి వద్దాం. దోమ ఒక్కొక్క ఎగురుడుకు 50 మీటర్లు పోతుందనీ, బ్రతుకులో నూరుసార్లు ఎగురుతుందనీ అనుకొందాం. (ఈ అంకెలు లెక్క కోసం మనం పెట్టుకొన్నవి.) తిన్నగా పోతే 5 కిలోమీటర్లు. కాని రేలీ సూత్రం ప్రకారం అది పుట్టినచోటికి సుమారు 500 మీటర్లలోనే ఉంటుంది. కిలోమీటరు దాటేవి నూటికి రెండు. కిలోమీటరున్నర దాటేది దాదాపు 8 వేలలో ఒకటి!

మన ఊరి వైపు అంతా బాగుచేశాం, గట్టు అవతల ఏమీ చెయ్యలేదు. గట్టు మీద నిలబడితే ఏమవుతుంది? అక్కడికి లోగడ దోమలు రెండు వైపులనుంచీ సమానంగా వచ్చేవి. ఇప్పుడు ఒక వైపునుంచే వస్తాయి కనుక సరిగ్గా సగమవుతాయి. గట్టుకు 500 మీటర్లు లోపలికి వస్తే, లోగడ నూరు దోమలున్నచోట 8 ఉంటాయి. కిలోమీటరు లోపలికి వస్తే వెయ్యికి రెండు. బయటినుంచి దండెత్తి వచ్చి ఊరు నింపేస్తాయన్న మాట చెల్లదు.

అయితే నూరు మీటర్ల వెడల్పున్న ఒక్క వీధినే బాగుచేశామనుకోండి. అదే లెక్క వేస్తే వీధి మధ్యలో నూటికి 89 దోమలు అట్లాగే ఉంటాయి. కనుక తాతగారు పొరపాటు పడలేదు! ఒక వీధికి ఆయన మాటే నిజం, ఊరంతటికీ రాస్ మాట నిజం. వాదించుకొన్నవారికి తెలియనిది 'ఎంత మేర' అన్న ఒక్క అంకె.

నిజం దోమ మన లెక్కలో దోమ అంత తిక్కది కాదు. గాలికి కొట్టుకుపోతుంది, మనిషి వాసన పట్టుకొని వస్తుంది, గుడ్లు పెట్టడానికి నీరు వెతుక్కొంటుంది. అందుకని శాస్త్రజ్ఞులు దోమలమీద రంగు పొడి చల్లి వదిలి, దూరదూరాన బోనులు పెట్టి, ఏ బోనులో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి ఈ సూత్రాన్ని సవరించుకొంటారు. ఓపిక కావలసిన పని. అయినా చెయ్యక తప్పదు. 2023లో కూడా ప్రపంచంలో దాదాపు 6 లక్షలమంది మలేరియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని పసిపిల్లలు.

దోమ కోసం పేరు పెట్టించుకొన్న ఈ లెక్క ఆ తరవాత దోమ దగ్గర ఆగలేదు. 1905లోనే ప్రాగ్ నగరం దగ్గర ఒక జమీందారు ఐదు మస్క్‌రాట్లను వదిలాడు. నీటి ఒడ్డున బ్రతికే పెద్ద ఎలుక వంటి అమెరికా జంతువు అది. పిల్లలు పెట్టి, ఎటు పడితే అటు తిరిగి, అవి క్రమంగా మధ్య యూరపులో పాకిపోయాయి. 1951లో స్కెలమ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆ పటాలు ముందు పెట్టుకొని, అవి ఆక్రమించిన వైశాల్యాలకు వర్గమూలాలు తీశాడు. సంవత్సరాలకు ఎదురుగా ఆ అంకెల్ని గుర్తిస్తే తిన్నని గీత వచ్చింది. యాదృచ్ఛికంగా నడుస్తూ సంతతి పెంచుకొనే జంతువులు ఎట్లా వ్యాపించాలని ఆయన లెక్క చెప్పిందో, అట్లాగే వ్యాపించాయి. కొత్తగా వచ్చిన కలుపుమొక్క గాని, పురుగు గాని ఎన్నేళ్ళలో ఎంతదూరం పాకుతుందో అంచనా వెయ్యడానికి ఈ పద్ధతి ఇప్పటికీ పనికివస్తున్నది.

మీ ఇంట్లో సెల్‌ఫోను ఉందిగదా? గదిలో ఒకచోట మాట తెగిపోతుంది, జానెడు పక్కకు జరిగితే మళ్ళీ వినబడుతుంది. ఎందుకు? టవరునుంచి వచ్చే రేడియో తరంగాలు గోడలకు, బస్సులకు తగిలి అనేక దారుల్లో వస్తాయి. అవన్నీ రేలీ గీసిన బాణాలే. ఒక్కొక్కచోట బాణాలు తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చేస్తాయి. మొత్తం సున్నాకు దగ్గరవుతుంది, మాట పోతుంది. ఇంజనీర్లు దీన్ని రేలీ పేరుతోనే పిలుస్తారు. అందుకనే రెండు ఏంటెన్నాలు పెడతారు. ఒకదాని దగ్గర సున్నా అయినప్పుడు రెండోదాని దగ్గర కూడా సున్నా కావడం అరుదు.

లెక్క మళ్ళీ డాక్టర్ల దగ్గరికే తిరిగి వచ్చింది కూడా. మెదడులోని నీటి అణువులు నిమిషం నిలకడ లేకుండా యాదృచ్ఛికంగా తిరుగుతుంటాయి. సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో అవి కదిలే దూరం మిల్లీమీటరులో నూరోవంతు. ఇంత చిన్న దూరాన్ని ఎం.ఆర్.ఐ. యంత్రం కొలవగలదు. మెదడులో రక్తనాళం మూసుకుపోతే అక్కడి కణాలు ఉబ్బి, నీటి అణువుల నడక మందగిస్తుంది. మామూలు బొమ్మలో ఏమీ కనబడకముందే ఆ నడక బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. రక్తపు గడ్డను కరిగించే మందు కొన్ని గంటలలోపల ఇస్తేనే పనిచేస్తుంది గనుక పక్షవాతం రోగికి ఆ తెల్లని మచ్చ ఎంత విలువైనదో ఊహించుకోండి.

ఈ ఆదివారం సుద్దగీత ఆట ఆడి చూడండి. ఇరవైమంది స్నేహితులను చేర్చి ఒక్కొక్కరిచేత 25సార్లు రూపాయి ఎగరవేయించండి. ప్రతివారూ ఆగినచోటి దూరం రాసుకొని, వర్గం చేసి, ఇరవయ్యింటి సగటు కట్టండి. 25కు అటూ ఇటుగా వస్తుంది. సరిగ్గా 25 రాలేదని కంగారుపడకండి. 15 వచ్చినా, 35 వచ్చినా వింత కాదు. కాని 100 వస్తే మాత్రం మీ స్నేహితులలో ఎవరో గీత మీద దొంగ అడుగులు వేస్తున్నారన్న మాట, పట్టుకోండి!