రాజసౌధమున విద్యాలయము

వనపర్తి పూర్వమొక సంస్థానమునకు ముఖ్యపట్టణము. పిమ్మట మహబూబునగరు జిల్లాలో నుండి, 2016లో వేరు జిల్లాకు కేంద్రమయ్యెను. సంస్థానములు అంతరించిన పిదప అచ్చటి రాజసౌధమును పాడుపడనీయలేదు. 1959లో అందు పాలిటెక్నిక్ కళాశాల వెలసెను. రాజులు కొలువుదీరిన చోట సామాన్యుల బిడ్డలు సాంకేతికవిద్య నభ్యసించిరి.

పాత కట్టడమును క్రొత్త పనికి అనువుగా మలచుటయు నొక విద్యయే. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయమున వాస్తుశిల్పమును, భవనాంతర రూపకల్పనమును బోధింతురు. ఈ విద్య నేర్చువారు మొదట భవనమును కొలిచి పటము గీయవలెను. ఏ గోడ పైకప్పు బరువును మోయుచున్నదో కనుగొనవలెను. తెలియక ఆ గోడను తొలగించినచో కప్పు కూలును. సున్నముతో కట్టిన గోడపై సిమెంటు పూసినచో లోని చెమ్మ వెలికి రాలేక గోడ చెడును. కావున దానికి సున్నమే తగును.

మేడను పడగొట్టుటకు బలము చాలును. దానిని నిలిపి పదిమందికి ఉపయోగపడునట్లు చేయుటకు జ్ఞానము కావలెను. బాలలారా! మీ యూరి పాత చావడిని ఒకమారు పరిశీలింపుడు. అది మరల దేనికి పనికివచ్చునో యోచింపుడు.