డీటీహెచ్ రీఛార్జ్ ఆపేద్దామా? ఫ్రీ డిష్‌కి మారే ముందు ఇవి చూడండి

మా నర్మెట్టలో నన్ను ఎవరు ఈ ప్రశ్న అడిగినా ముందు ఒకటే చెప్తాను: ఇంట్లో అమ్మ, తాతయ్య రోజూ చూసే ఛానెళ్ల లిస్ట్ రాసుకోండి.

డీడీ ఫ్రీ డిష్ ప్రసార భారతి సర్వీస్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెల చందా లేదు. డీడీ యాదగిరి వస్తుంది. ప్రైవేటు ఛానెళ్లు మాత్రం వేలంలో స్లాట్ కొనుక్కుని వస్తాయి, అందుకే లిస్ట్ మారుతూ ఉంటుంది. పే ఛానెళ్లు రావు.

పాత డిష్ పనికొస్తుందా?
మీ సొంతమైతే చాలావరకు పనికొస్తుంది, కానీ తిప్పాలి. ఉదాహరణకు టాటా ప్లే 83° తూర్పు. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5° తూర్పు. మన దగ్గర అది ఆగ్నేయం వైపు, సుమారు 63° ఎత్తులో ఉంటుంది. అటువైపు చెట్టు కొమ్మలు అడ్డు రాకూడదు.

ఏ బాక్స్ కొనాలి?
ఎంపెగ్-4 సపోర్ట్ ఉన్నదే తీసుకోండి. ఎంపెగ్-2 బాక్స్‌లో కొన్ని ఛానెళ్లు రావు.

ఫోన్ చాలదా?
ప్రసార భారతి వేవ్స్ యాప్, యూట్యూబ్ లైవ్ న్యూస్ ఫ్రీనే. కానీ గంట హెచ్‌డీ వీడియోకి దాదాపు 1 జీబీ పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఇంటిల్లిపాదికీ ఏం సరిపోతుంది?

నెలకు ₹300 కడుతుంటే ఏడాదికి ₹3,600 మిగులుతుంది. అయినా తొందరొద్దు. మీరు రాసిన లిస్ట్‌ని ఫ్రీ డిష్ లిస్ట్‌తో పోల్చండి. అమ్మ సీరియల్ అందులో లేకపోతే, ఆ నిర్ణయం అమ్మకే వదిలేయండి.