కొత్త టీవీ కొనే ముందు ఇంట్లో వేసుకోవలసిన లెక్క



పండుగ బోనసు చేతికి వచ్చినప్పుడో, పాత సెట్టు మూలన పడినప్పుడో "ఈసారి పెద్ద టీవీ తీసుకుందాం" అనే మాట మన ఇళ్లలో వినిపిస్తుంది. వెంటనే ఇంటిల్లిపాదీ షోరూముకు బయలుదేరతారు. అక్కడ గోడ నిండా వెలిగిపోతున్న సెట్లు, సేల్స్ కుర్రాడి మాటలు, వాయిదాల కాగితం! గంటలో పని అయిపోతుంది. కాని ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ సెట్టుతోను, నెలల తరబడి ఆ వాయిదాలతోను కాపురం చేయవలసింది మనమే. అందుకే ఈ వారం పాఠం ఒక్క మాటలో చెబుతాం: టీవీని ఎంచుకోవలసింది షోరూములో కాదు, ఇంట్లో. ఇంట్లో లెక్క తేలిన తరువాతే దుకాణం మెట్లు ఎక్కాలి.

కొంచెం వెనక్కి చూద్దాం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు 'సైట్' అనే ప్రయోగం కింద మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. ఊరికి ఒక సెట్టు, దాని ముందు ఊరు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు వచ్చాయి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసిన ఇ.సి. టీవీ ఉన్న ఇంటికి ఆదివారం నాడు వీధి వీధంతా వచ్చి కూర్చునేది. అప్పట్లో దొరికిందే సెట్టు, వచ్చిందే ఛానెలు.

ఇప్పుడు పరిస్థితి తారుమారైంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను, ఒక్కొక్కరు ఒక్కో మూల. ఇంట్లో అందరూ కలిసి చూడగల తెర ఏదైనా మిగిలి ఉందంటే అది హాల్లోని టీవీయే. కనుక "ఎంత పెద్దది కొందాం?" అన్నది రెండవ ప్రశ్న. "మనమందరం కలిసి కూర్చునే చోటికి ఏది సరిపోతుంది?" అన్నది మొదటి ప్రశ్న.

1. ముందు కొలత టేపు తీయండి

టీవీ సైజు అంటే తెర వెడల్పు కాదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా తీసిన కొలత. 32 అంగుళాల సెట్టు తెర సుమారు 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 43 అంగుళాలది 95 సెంటీమీటర్ల వెడల్పు, 55 అంగుళాలది 122 సెంటీమీటర్ల వెడల్పు. పాత షోకేసు గూటిలో ఏది పడుతుందో, ఏది పట్టదో ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు మీరు కూర్చునే చోటి నుంచి టీవీ ఉండే గోడ వరకు దూరాన్ని అంగుళాలలో కొలవండి. దానిని రెండుతో భాగించండి. వచ్చినదే ఇంచుమించుగా మీకు తగిన సైజు. ఉదాహరణకు మీ హాల్లో మంచానికీ గోడకూ మధ్య 7 అడుగులు ఉందనుకుందాం. అంటే 84 అంగుళాలు. సగం చేస్తే 42. మీకు 43 అంగుళాల సెట్టు చాలు. 5 అడుగులే ఉంటే 32 అంగుళాలు, 9 అడుగులు ఉంటే 55 అంగుళాలు సరిపోతాయి. ఇదేమీ కఠినమైన శాసనం కాదు. ఒక మెట్టు అటూ ఇటూ కావచ్చు. ఎక్కువగా మామూలు కేబుల్ ఛానెళ్లు చూసే ఇంటివారు ఒక మెట్టు చిన్నది తీసుకోవడమే మేలు. ఎందుకో తరువాతి మాటలో తెలుస్తుంది.

2. బొమ్మలో చుక్కలు ఎన్ని?

తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కల ముగ్గు వంటిది. వాటినే పిక్సెల్స్ అంటారు. హెచ్‌డీ రెడీ అని రాసి ఉన్న సెట్టులో సుమారు పదిన్నర లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీలో సుమారు 20 లక్షలు, 4కె సెట్టులో సుమారు 83 లక్షలు ఉంటాయి. అయితే కేబుల్‌లో వచ్చే మామూలు ఛానెలు బొమ్మలో నాలుగు లక్షల పైచిలుకు చుక్కలే ఉంటాయి. ఆ కొద్దిపాటి చుక్కలను 55 అంగుళాల తెర మీద పరిస్తే బొమ్మ పలచబడి, మసకగా కనిపిస్తుంది. సెట్టు చెడ్డది కాదు, దానికి పెట్టే మేత చాలలేదు.

షోరూములో ఈ సంగతి బయటపడదు. అక్కడ వేసి చూపించే జలపాతాలు, చిలకలు, పూలతోటలు కంపెనీవారు ప్రత్యేకంగా తీసిన 4కె బొమ్మలు. పైగా ఆ సెట్లను కళ్లు మిరుమిట్లు గొలిపే షోరూము వెలుగులో ఉంచుతారు. కాబట్టి మొహమాటపడకుండా "మేము ఇంట్లో చూసే వార్తల ఛానెలు పెట్టండి" అని అడగండి. లేదా ఇంట్లో జరిగిన పెళ్లి వీడియోను పెన్‌డ్రైవులో తీసుకుపోయి వేయించి చూడండి. మనిషి ముఖం రంగు సహజంగా ఉందా, పక్కకు కూర్చున్నవారికి బొమ్మ వెలిసిపోతోందా అన్నవే చూడవలసినవి.

3. పేర్ల గందరగోళం

ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అనే పేర్లు వినగానే తికమక కలుగుతుంది. మొదటి రెండింటిలోను తెర వెనుక దీపాలు ఉంటాయి. క్యూఎల్‌ఈడీలో రంగులను మెరుగుపరచే పొర ఒకటి అదనం. ఓఎల్‌ఈడీలో మాత్రం ప్రతి చుక్క తనంతట తానే వెలుగుతుంది. నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుంది. ధర కూడా ఎక్కువే. రోజంతా ఒకే వార్తల ఛానెలు నడిచే ఇంటికి ఓఎల్‌ఈడీ అంత తగినది కాదు. కదలకుండా ఉండే ఛానెలు గుర్తు, కింది పట్టీ కాలక్రమాన తెర మీద మచ్చగా మిగిలిపోయే అవకాశం ఉంది. మామూలు కుటుంబానికి మంచి ఎల్‌ఈడీ సెట్టు సరిపోతుంది.

4. ఇంటి పెద్దలను మరచిపోవద్దు

సెట్లు పలచనయ్యే కొద్దీ వాటిలోని స్పీకర్లు చిన్నవయ్యాయి. చాలావాటికి శబ్దం ముందుకు కాక కిందికో, వెనక్కో వెళుతుంది. వినికిడి తగ్గిన నాయనమ్మకు పాటలు వినిపిస్తాయి గాని మాటలు తెలియవు. "సౌండు పెంచరా" అంటే పిల్లలు విసుక్కుంటారు. కొనేటప్పుడే సంభాషణలు స్పష్టంగా వినిపిస్తున్నాయో లేదో పరీక్షించండి. అవసరమైతే సైజులో ఒక మెట్టు తగ్గి, మిగిలిన డబ్బుతో చిన్న సౌండ్‌బారు తీసుకోండి. పెద్దవారికి అది పెద్ద తెరకన్నా ఎక్కువ ఉపకారం. రిమోట్ కూడా వారి చేతికి ఇచ్చి చూడండి. కావలసిన ఛానెలుకు వెళ్లడానికి ఎన్ని మీటలు నొక్కాలి? ఎవరి సాయమూ లేకుండా వారు పెట్టుకోగలగాలి.

5. ధర అసలు ఎంత?

బిల్లు మీది ధర ఒక్కటే ధర కాదు. వాయిదాల సంగతి చూడండి. "వడ్డీ లేని వాయిదాలు" అంటారు. సెట్టు 30,000 రూపాయలు, నెలకు 2,500 చొప్పున 12 నెలలు. ఇందులో వడ్డీ ఏదీ? అయితే "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?" అని అడగండి. 27,500 అంటే, ఆ తేడా 2,500 రూపాయలే వడ్డీ. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు ఒకటి. సున్నా శాతం వడ్డీ అనే మాట వెనుక అసలు ఖర్చు దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. ఆరు నెలలు ఆగి రొక్కంతో కొనగలిగితే ఆగండి. పిల్లల ఫీజుల నెలలో వాయిదా కట్టలేక చేబదులు వెతుక్కోవలసి వస్తే, హాల్లోని ఆ పెద్ద తెర సంతోషం ఇవ్వదు.

పన్ను విషయం కూడా తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ లోపు సైజులకు అంతకు ముందు నుంచే 18 శాతం.

కరెంటు లెక్క సులభం. సెట్టు వెనుక 80 వాట్లు అని ఉంటే, రోజుకు 5 గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు. నక్షత్రాల లేబులు ఉంటే ఎక్కువ నక్షత్రాలు ఉన్నదానిని ఎంచుకోండి. ఇంటికి తెచ్చాక మెనూలో వెలుగును 'హోమ్' పద్ధతికి మార్చండి. కళ్లకూ హాయి, మీటరుకూ హాయి.

ఇక స్మార్ట్ టీవీకి ఇంటర్నెట్ కావాలి. హెచ్‌డీ సినిమా గంటకు సుమారు 3 జీబీ వరకు తీసుకుంటుంది. రోజుకు 2 జీబీ వచ్చే ఫోను ప్యాకు సినిమా సగంలోనే అయిపోతుంది. ఇంట్లో వైఫై లేకపోతే ఆ నెలసరి ఖర్చును కూడా లెక్కలో కలపండి. నెలనెలా కట్టే శక్తి లేనివారికి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. డిష్షూ బాక్సూ ఒక్కసారి కొనుక్కుంటే చాలు, నెల చందా లేదు.

6. ఎక్కడ పెట్టాలి?

కూర్చున్నప్పుడు మన కంటి ఎత్తుకు తెర మధ్యభాగం రావాలి. అంటే నేల నుంచి ఇంచుమించు మూడున్నర అడుగులు. తలుపు పైన, అలమర పైన బిగిస్తే మెడ నొప్పి తప్పదు. కిటికీకి ఎదురుగా పెడితే పగలంతా తెరలో కిటికీయే కనిపిస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో సెట్టును ఊగే బల్ల మీద ఉంచకండి. పిల్లవాడు పట్టుకుని లాగితే మీద పడుతుంది. గోడకు గట్టిగా బిగించడమే క్షేమం.

మన ఇళ్లలో తిరుహృదయ పటం, టీవీ తరచుగా ఒకే గోడకు ఉంటాయి. పటం ముందు వెలిగించే కొవ్వొత్తి సెగ సెట్టుకు తగలకుండా ఎడం ఉంచండి. వీలైతే వేర్వేరు గోడలు చూడండి. సాయంత్రం జపమాలకు కూర్చున్నవారి కళ్లు నల్లని తెర వైపు తిరగకుండా ఉంటాయి.

ఉరుములు మెరుపులు మొదలైతే స్విచ్చి కట్టడం చాలదు. ప్లగ్గు పీకండి, డిష్ లేదా కేబుల్ వైరు కూడా విప్పండి. పిడుగు ఆ దారినా వస్తుంది. పాత డబ్బా టీవీని పిల్లలు విప్పకుండా చూడండి. దాని గాజులో సీసం ఉంటుంది, ఆపివేసిన తరువాత కూడా లోపల షాకు కొట్టే కరెంటు నిలిచి ఉండవచ్చు. చెత్తకుండీలో వేయక ఎక్స్ఛేంజిలో గాని, ఇ-వ్యర్థాలు సేకరించేవారికి గాని ఇవ్వండి.

7. తెచ్చిన తరువాత

రశీదు, వారంటీ కార్డు ఒక కవరులో భద్రపరచండి. పెట్టె విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. తెర పగిలి వస్తే అదే సాక్ష్యం. దుకాణం వారు స్పందించకపోతే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది.

1994లో ప్రపంచ సమాచార సాధనాల దినానికి రెండవ జాన్ పాల్ జగద్గురువులు టెలివిజన్, కుటుంబం అనే అంశాన్నే ఎంచుకున్నారు. ఏమి చూడాలో తల్లిదండ్రులు ముందుగా తెలుసుకుని నిర్ణయించాలని, టీవీని పిల్లలను ఆడించే ఆయాగా వాడుకోరాదని, అవసరమైతే కట్టివేయాలని ఆయన చెప్పారు. ఆనాడు ఛానెళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఈనాడు అంతు లేదు. కాబట్టి కొత్త సెట్టు వచ్చిన మొదటి రోజే పిల్లల తాళం సంఖ్య పెట్టండి, పిల్లలకు వేరే ప్రొఫైలు తెరవండి. అన్నం తినే వేళ, చదువు వేళ, ప్రార్థన వేళ తెర చీకటిగా ఉండాలన్న నియమం కూడా ఆ రోజే పెట్టుకోండి. ఆ నియమం పెద్దలకూ వర్తిస్తుంది. అమ్మ సీరియలుకూ, నాన్న క్రికెట్టుకూ మినహాయింపు ఇస్తే పిల్లలు మన మాట వినరు.

కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవడానికి నాలుగు ప్రశ్నలు:

– మన గదిలో దూరం ఎన్ని అంగుళాలు? అందులో సగం ఎంత?

– మనం ఎక్కువగా చూసేది కేబులా, ఇంటర్నెట్టా?

– రొక్కంతో ఎంతవరకు కొనగలం?

– ఇంట్లో కంటిచూపు, వినికిడి తగ్గినవారికి ఏది అనుకూలం?

ఈ నాలుగింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. షోరూములో ఎన్ని వెలుగులు మెరిసినా, ఆ కాగితంలో ఉన్నదే అడగండి.